చూరులో గ్లాసు

మా వంటింట్లో గిన్నెల స్టాండు మీద ఉన్న ప్రతి స్టీలు సామాను మీదా ఎవరిదో ఒక పేరు ఉంది. పెద్ద బేసిను మీద మా మామగారి పేరు, మా పెళ్లి తేదీ. పాలగిన్నె మీద మా అత్తయ్యగారి పొడి అక్షరాలు. ఆరు గ్లాసుల సెట్టు మీద, మా గృహప్రవేశానికి వచ్చిన బంధువుల పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. స్టీలు సామాన్ల కొట్లో కొన్నదాన్ని పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకోవడం మనవాళ్లకి అలవాటు లేదు. పదిమంది ఇళ్లకి కూరలూ పిండివంటలూ పంపుకుంటాం, గిన్నె మళ్లీ మన ఇంటికి రావాలి కదా.

పేరు లేని గ్లాసు మా ఇంట్లో ఒకటుంది. అది స్టాండు మీద ఉండదు. సింకు కింద తలుపు తీస్తే, గిన్నెలు తోమే సబ్బు పక్కన, ఒక పళ్లెం మీద బోర్లించి ఉంటుంది. పేరు లేకపోయినా అది ఎవరిదో ఇంటిల్లిపాదికీ తెలుసు. పదకొండేళ్లుగా మా ఇంట్లో పని చేస్తున్న ఆమెది.

దాన్ని అక్కడ పెట్టమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పనిలో చేరిన మొదటి రోజు టీ ఇస్తూ, అంచు సొట్టపోయిన గ్లాసు ఒకటి వెతికి అందులో పోశాం. ఆమె తాగింది, కడిగింది, ఎక్కడ పెట్టాలా అని ఒక్క క్షణం చూసింది. సింకు కింద పెట్టింది. "పైన పెట్టమ్మా" అని నేను అనలేదు, నా భార్య అనలేదు, అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి అనలేదు. జరిగింది అంతే.

ఆ అనకపోవడం గురించే ఇది రాస్తున్నాను.

నేను కృష్ణా డెల్టాలో పొలాలున్న కుటుంబంలో పుట్టాను. హైదరాబాదులో కాలేజీ పిల్లలకి ముప్పయ్యేళ్లకి పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ వ్యాసంలో "మేము" అన్న చోటల్లా, నాలాంటి కులాల్లో పుట్టి, చదువుకుని, పట్నం చేరి, సభల్లో సమానత్వం మాట్లాడిన మా తరం అని చదువుకోండి. ఊళ్లలో ఉండిపోయినవాళ్లనీ, చదువులేని ముసలివాళ్లనీ వేలెత్తి చూపడం మాకు బాగా అలవాటు. ఆ పని ఇక్కడ చేయను. వాళ్లు తెలియక చేశారని చెప్పుకోవడానికైనా వీలుంది. మాకు అదీ లేదు.

మా తాతగారిది పెంకుటిల్లు. దొడ్డివైపు చూరు కిందికి వంగి ఉండేది. ఆ చూరులో, వాసానికీ పెంకుకీ మధ్య సందులో, ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. పెద్ద పాలేరుది అది. పొద్దున్నే పశువుల కొట్టం శుభ్రం చేసి, గాబు నింపి, దొడ్డి గుమ్మం ముందుకి వచ్చి నిలబడి ఆ గ్లాసు తీసుకునేవాడు. మా నాయనమ్మ చెంబు ఎత్తిపట్టి, గ్లాసుకి తగలకుండా జానెడు పైనుంచి కాఫీ పోసేది. ఒక్క బొట్టు కింద పడేది కాదు. ఆ ఒడుపు చూసి నేను ముచ్చటపడేవాణ్ని. ఆయన తాగి, గాబు దగ్గర కడుక్కుని, మళ్లీ చూరులో దోపి పొలానికి పోయేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఆయనకి యాభై దాటి ఉంటాయి. నేను ఆయన్ని పేరు పెట్టి "ఒరే" అని పిలిచేవాణ్ని. ఆయన నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. నేను తిన్న బియ్యం ఆయన నాటి, కోసి, కుప్ప నూర్చి, బస్తాకెత్తినవి. మా గాదెలో ధాన్యం పోసేటప్పుడు ఆయన మోకాళ్లదాకా ఆ వడ్లలో దిగబడి నిలబడేవాడు. అప్పుడు అంటు లేదు. అన్నం ఉడికాకే అంటు పుట్టేది.

మన భాషలో "ఎంగిలి" అనే మాట ఉంది. నోరు తగిలినదాన్ని ఎంగిలి అంటామని పిల్లలకి చెబుతాం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఎంగిలికి ఒక వాలు ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాయనమ్మ తాతయ్య తిన్న కంచంలోనే వడ్డించుకుని తినేది. దాన్ని పుణ్యం అనేవాళ్లు. ఆమె తిన్న కంచంలో తాతయ్య తినడం ఎవరి ఊహలోనూ లేదు. రాత్రి మిగిలిన కూర, అడుగంటిన అన్నం, పిల్లలు సగం తిని వదిలేసినవి పాలేరు గిన్నెలోకి వెళ్లేవి. మా నోటి తడి ఆయనకి అన్నం. ఆయన చేతివేలు తగిలితే మా చెంబు మైల. పైవాడి నోటినుంచి కిందికి జారేది ప్రసాదం, కిందివాడి చేతినుంచి పైకి వచ్చేది అపవిత్రం. లాలాజలానికీ క్రిములకీ ఇందులో పనేమీ లేదు. నీరు పల్లానికి పారినట్టు ఎంగిలి కూడా పల్లానికే పారాలన్నది కట్టడి. ఆ పల్లాన్ని తవ్వింది మనుషులు.

భక్తిలో మాత్రం మేము ఈ కట్టడిని మరిచిపోగలం. శ్రీకాళహస్తిలో వేటగాడు తిన్నడు మాంసం కొరికి రుచి చూసి శివుడికి పెట్టాడనీ, పుక్కిట నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడనీ విని కళ్లు తుడుచుకుంటాం. శబరి కొరికి ఇచ్చిన పళ్లు రాముడు తిన్నాడని హరికథలో వినిపిస్తే చప్పట్లు కొడతాం. ధూర్జటిని పాఠంగా చెప్పిన రోజున, తిన్నడి ఘట్టం దగ్గర నా గొంతు వణికేది, క్లాసు నిశ్శబ్దమైపోయేది. దేవుడు తిన్న ఎంగిలిని పొగడడానికి మాకు ఎప్పుడూ మాటలు కరువు కాలేదు.

ఏడో తరగతిలో నాకొక స్నేహితుడు ఉండేవాడు. మాలపల్లి నుంచి వచ్చేవాడు, లెక్కల్లో నాకన్నా చాలా ముందుండేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పరీక్షల ముందు, లెక్కలు చెప్పించుకోవడానికి ఇంటికి తీసుకొచ్చాను. వాణ్ని చూసి మా అమ్మ ఏమీ అనలేదు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది, ఇద్దరికీ ఇంట్లో గ్లాసుల్లోనే. నాకు గర్వంగా అనిపించింది. నేను తాగి గ్లాసు అరుగు మీద వదిలేశాను. వాడు గ్లాసు నోటికి తగలకుండా ఎత్తి తాగాడు. తాగి లేచి, దొడ్లోకి వెళ్లి, బూడిద తీసుకుని, లోపలా బయటా రెండుసార్లు తోమి, నీళ్లతో కడిగి, ఇంట్లోకి తేకుండా తులసి కోటకి దూరంగా రాతిమీద బోర్లించి వచ్చాడు. ఎవరూ అడగలేదు. వాడికి పన్నెండేళ్లు.

వాడు వెళ్లాక మా అమ్మ "ఎంత మర్యాద తెలిసిన పిల్లాడో" అంది. ఆ మాట నిజంగా మెచ్చుకోలుగానే అంది. నేనూ సంతోషించాను. నా స్నేహితుడు మావాళ్లకి నచ్చాడని. ఆ గ్లాసు సాయంత్రందాకా రాతి మీదే ఉంది. అమ్మ పొయ్యిలో నిప్పులు లాగి, దాన్ని వాటి మీద కాసేపు ఉంచి, ఆ తర్వాతే లోపలికి తెచ్చుకుంది. నేను చూశాను. మా అమ్మ మీద కోపం రాలేదు. అసలేమీ అనిపించలేదు. అదే ఇప్పుడు నన్ను భయపెడుతుంది.

మేము మర్యాద అని పేరు పెట్టిన దాంట్లో ఎక్కువ భాగం ఇదే. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ముందు తినాలి, ఎవరి విస్తరి ఎవరు ఎత్తాలి, ఎవరు తమ విస్తరి తామే ఎత్తుకుని పోవాలి. భోజనం బంతిలో అందరి విస్తర్లూ ఒకలాగే వేస్తాం, చివరి అంకంలో తేడా తెలుస్తుంది. తిన్న విస్తరి అక్కడే వదిలి చేయి కడుక్కోవడానికి లేచేవాడు ఒకడు, తన ఆకు తనే మడిచి పట్టుకుని వెనకదారిన వెళ్లేవాడు ఒకడు. మా పెళ్లిళ్లలో నేనిది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారైనా లేచి నా విస్తరి నేను ఎత్తుకున్న గుర్తు లేదు.

టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలియనివాళ్లు మా తరంలో ఉండరు. మా ఊరి సెంటర్లో కొట్టుకి రెండు మేకులు ఉండేవి. గాజు గ్లాసులు ట్రేలో, కొట్టువాడే కడిగేవాడు. మేకులకి తగిలించిన సత్తు గ్లాసులు దళితులకి. వాళ్లే దించుకోవాలి, వాళ్లే కడుక్కోవాలి, బెంచీ మీద కూర్చోకూడదు, డబ్బు బల్లమీద పెట్టాలి. ఇంకా వెనక్కి వెళితే కొబ్బరి చిప్పలు. 1955లో పార్లమెంటు అంటరానితనం నేరాల చట్టం చేసినప్పుడు, హోటళ్లలో అందరి కోసం పెట్టిన పాత్రలను ఒకరికి నిరాకరించడం నేరమని అందులో ప్రత్యేకంగా రాశారు. ఒక దేశం తన చట్టంలో గ్లాసు గురించీ పళ్లెం గురించీ రాసుకోవలసి వచ్చింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి అప్పటికి అయిదేళ్లు దాటింది. 1976లో ఆ చట్టానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. ఇవన్నీ అమల్లో ఉండగానే నేను ఆ కొట్టు బెంచీ మీద కూర్చుని గాజు గ్లాసులో టీ తాగుతూ పేపరు చదువుకున్నాను. ఆ మేకుల వైపు నా కళ్లు వెళ్లేవి. చేయి వెళ్లలేదు. నేనొక రోజు ఆ సత్తు గ్లాసు తీసుకుని "ఇందులో పోయ్" అని ఉంటే కొట్టువాడు ఏం చేసేవాడో నాకు తెలియదు. నాకు దెబ్బలు మాత్రం పడేవి కావు. నా కులం నన్ను కాపాడేది. ఆ రక్షణని ఒక్క రోజు కూడా ఎవరి కోసమూ వాడలేదు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. గొడవ మొదలైంది నీళ్ల దగ్గర. మాదిగపల్లెవాళ్లు తాగే చెరువు నీళ్లలోకి గేదెల కుడితి కడుగు పోస్తుంటే వద్దన్నారు. కాదని మీదికి వచ్చినవాళ్లకి ఒక స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాటికి ఊరు ఊరంతా మీద పడింది. నేనప్పుడు ఎం.ఏ. చదువుతున్నాను. హాస్టల్లో రాత్రంతా చర్చలు చేశాం, ఊరేగింపులో నడిచాను, కరపత్రం రాశాను. ఆ వారమే ఇంటికి వెళ్లాను. చూరులో గ్లాసు అలాగే ఉంది. కరపత్రం రాసిన చేయి అంత ఎత్తుకి సులువుగానే అందేది. మా పెద్దవాళ్లు కారంచేడు గురించి "నీళ్ల దగ్గర తగాదాట" అని మాట్లాడుకుంటుంటే నేను గట్టిగా వాదించాను, అన్నం తినకుండా లేచిపోయాను కూడా. పాలేరు గ్లాసు సంగతి ఎత్తలేదు. అది వేరే విషయం అనిపించింది. ఇప్పుడు చూస్తే రెండూ ఒకటే. ఒకచోట బిందె, ఒకచోట గ్లాసు. ఆ స్త్రీ బిందె ఎత్తడం అంత పెద్ద నేరంగా కనిపించిందంటే, అంతకుముందు ఇంటింటా వేలసార్లు గ్లాసు మాట్లాడకుండా చూరులోకి తిరిగి వెళ్లింది గనకే.

మా దగ్గర వేరే దారి ఎవరూ చూపలేదని అనలేము. పన్నెండో శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకచోట కూర్చోబెట్టి చాప మీద అన్నం రాశిపోయించి తినిపించాడని చెప్పుకుంటాం. మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకుని సేనకి ముందు నిలబెట్టాడనీ చెప్పుకుంటాం. కారెంపూడిలో వీరుల తిరునాళ్లలో ఇప్పటికీ ఆ చాపకూడు జరుగుతుంది. ఏడాదికి ఒక రోజు. గోరాగా పిలిచే గోపరాజు రామచంద్రరావుగారు కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. అక్కడితో ఆగకుండా 1948లో తన కూతుర్ని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేశారు. కంచం పొత్తు, మంచం పొత్తు అని మనవాళ్లు అంటారే, ఆ రెండూ కలిస్తేనే కులం కదులుతుందని ఆయనకి తెలుసు. మేము ఆయన జయంతి సభలకి వెళ్లాం. సభ తర్వాత వడ్డించిన భోజనం తిన్నాం. ఇంటికొచ్చి మా పిల్లలకి మా కులంలోనే సంబంధాలు వెతికాం.

జాషువాగారి గబ్బిలం 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకునే కావ్యం. నేను దాన్ని ఎంత బాగా చెప్పేవాణ్నో నా విద్యార్థులు ఇప్పటికీ ఫోన్ చేసి చెబుతారు. ఆ క్లాసుల్లో దళిత విద్యార్థులు ముందు బెంచీల్లో కూర్చుని వినేవాళ్లు. వాళ్లలో కొందరు ఆదివారాలు ఇంటికి వచ్చేవారు. వాళ్లకి టీ ఇచ్చాం, ఇంట్లో గ్లాసుల్లోనే. దాన్ని నేను నా గొప్పగా చాలాకాలం చెప్పుకున్నాను. వాళ్లకి డిగ్రీలు ఉన్నాయి, ఇస్త్రీ చొక్కాలు ఉన్నాయి, నన్ను "మాస్టారూ" అని పిలిచేవారు. సింకు దగ్గర నిలబడిన ఆమెకి ఇవేమీ లేవు. మా ఉదారత గడప దాటి వంటింటిదాకా ఎప్పుడూ వెళ్లలేదు.

"ఇది కులం కాదండీ, శుభ్రత" అని మా అపార్టుమెంటులో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ చెప్పాను. ఆ మాట నిలబడదని నాకు తెలుసు. దగ్గుతో వచ్చిన మా తోడల్లుడు మా గ్లాసులోనే మంచినీళ్లు తాగాడు. జలుబుతో ఉన్న పక్కింటి పిల్లలు మా కంచాల్లోనే తిన్నారు. ఆమె మాత్రం మా అందరి కంచాలూ తోముతుంది. ఆమె చేతులతో కడిగిన గ్లాసులోనే మేం తాగుతాం. నా భార్యకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మూడు నెలలు వంట కూడా ఆమే చేసింది. బెండకాయ తరిగింది, చపాతీ పిండి కలిపింది, మా అన్నంలో నెయ్యి వేసింది. ఆ మూడు నెలల్లో కూడా ఆమె గ్లాసు సింకు కిందే ఉంది. శుభ్రత అయితే ఆ మూడు నెలలూ మేం పస్తు ఉండాలి.

ఇంకొకటి. మేం ఆమెని కులం అడగలేదు. అంత అనాగరికులం కాదనుకున్నాం. ఊరు ఏదని అడిగాం. పాలమూరు వైపు అంది. ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు అని అడిగాం. ఆమె చెప్పిన ఆ ఒక్క దిక్కుతో మాకు కావలసింది తెలిసిపోయింది. ఆ తర్వాతే సొట్ట గ్లాసు వెతికాం. వరస అదీ.

2011-12లో దేశమంతటా 42 వేల పైచిలుకు ఇళ్లలో చేసిన మానవాభివృద్ధి సర్వేలో, మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని అడిగారు. లేదన్నవాళ్లని, దళితులు మీ వంటింట్లోకి వచ్చినా మీ పాత్రలు వాడినా అభ్యంతరమా అని మళ్లీ అడిగారు. రెంటిలో ఏదో ఒకదానికి అవునన్న ఇళ్లు నూటికి 27. అడిగినవాడి మొహం మీద అవునని ఒప్పుకున్నవాళ్లు వీళ్లు. మా తలుపు తట్టి ఉంటే నేను రెండు ప్రశ్నలకీ కాదనే చెప్పేవాణ్ని. నూటికి 73 మందిలో నన్ను రాసుకునేవారు. నాలాంటివాళ్లు ఆ 73 మందిలో ఎందరున్నారో ఏ సర్వేకీ దొరకదు.

బడిలో మధ్యాహ్న భోజనం మాకు దొరికిన మంచి అవకాశం. 2001లో సుప్రీంకోర్టు బళ్లలో వండిన అన్నం పెట్టమంది. 2003 జనవరి నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. వంటవాళ్ల నియామకంలో దళితులకీ గిరిజనులకీ ప్రాధాన్యం ఇమ్మని 2004 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ చెప్పింది. ఆ ఒక్క వాక్యం సరిగ్గా అమలైతే, ఒక తరం పిల్లలంతా దళిత స్త్రీ చేతివంట తిని పెరిగేవారు, ఇక వాళ్లకి అంటు అనే మాట అర్థమయ్యేది కాదు. మేమేం చేశాం? మా పిల్లల్ని అప్పటికే ప్రైవేటు బళ్లలో వేశాం. ఊళ్లో మిగిలిన మా బంధువుల్లో ఒకాయన, వండే మనిషి ఎవరో తెలిశాక, మనవడికి ఇంటినుంచి క్యారేజీ పంపించాడు. ఆ సంగతి ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, ఆయనే నాకు చెప్పాడు. నేను పప్పు కలుపుకుంటూ తలూపాను. సహపంక్తి భోజనాల మీద నేను రాసిన వ్యాసం అదే నెలలో అచ్చయింది.

తర్వాత కాగితం కప్పులు వచ్చాయి. టీ కొట్లో మేకులు పోయాయి. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని మేము సంతోషంగా చెప్పుకున్నాం. పోవడం వేరు, అవసరం తీరిపోవడం వేరు. తాగి పారేసే కప్పులో ఎవరి నోరు తగిలిందో మరొకరికి తెలియనక్కర్లేదు. కొన్ని చోట్ల అయితే దళితులకి పారేసే కప్పు, మిగతావారికి గాజు గ్లాసు అని పద్ధతే రూపం మార్చుకుంది. మనసు మార్చుకోవడానికి బదులు కప్పు మార్చుకున్నాం. 2020లో కరోనా వచ్చి అందరి గ్లాసులూ వేరు చేసింది. అప్పుడు మా ఇంట్లోనూ ఎవరి గ్లాసు వాళ్లకి పెట్టుకున్నాం. రెండేళ్లకి మావన్నీ మళ్లీ కలిసిపోయాయి. ఒకటి కలవలేదు, ఎందుకంటే అది కరోనాకి ముందే వేరైంది.

పోయినేడు ఆమె కొడుకు పెళ్లికి మమ్మల్ని పిలిచింది. వాళ్ల ఊరు వెళ్లాం. ఇంటి ముందు టెంటు, వరసగా బల్లలు, వందల మంది తింటున్నారు. మమ్మల్ని చూసి ఆమె పరుగున వచ్చింది, వాళ్లాయన్ని కేకేసింది. మమ్మల్ని లోపల గదిలో కూర్చోబెట్టారు. రెండు కొత్త స్టీలు కంచాలు, ఇంకా అట్ట లేబులు ఊడనివి, అట్టపెట్టెలోంచి తీసి మా ముందు పెట్టింది. రెండు నీళ్ల సీసాలు, మూత విప్పనివి. "మీకని సపరేటుగ తెప్పించినం సార్. ఎవ్వరు ముట్టలె" అంది.

ఆమె మొహంలో నిష్ఠూరం లేదు. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకి ఏ లోటూ రాకూడదన్న ఆత్రం ఉంది. పదకొండేళ్లు మా ఇంట్లో చూసి, మాకు ఏది కావాలో అది సరిగ్గా నేర్చుకుంది. మాకోసం తన ఇంట్లో తన చుట్టాల గ్లాసుల్ని మాకు తగలకుండా పక్కకి పెట్టింది. మా గ్లాసుల నుంచి ఆమెని మేం దూరం పెట్టింది కులం చేసి. తన గ్లాసుల నుంచి మమ్మల్ని ఆమె దూరం పెట్టింది మర్యాద చేసి. కంచం కొత్తదైనా ఆ వేరు పాతదే.

ఆ సమయంలో నేను లేచి, బయట టెంటు కిందికి వెళ్లి, అందరితో బల్ల మీద కూర్చుని, అందరి గ్లాసుల్లో నీళ్లు తాగి ఉండవలసింది. ఆమె బాధపడేది కాదు. కొంచెం తికమకపడి, తర్వాత సంతోషించేది. నేను లేవలేదు. సీసా మూత విప్పుతుంటే గట్టిగా టక్కుమన్న శబ్దానికి నాకు లోపల హాయి అనిపించింది. ఇన్ని పాఠాలు చెప్పినవాడికి, ఇన్ని సభల్లో మాట్లాడినవాడికి, ఆ మూత శబ్దం హాయి అనిపించింది. నా భార్యని తర్వాత అడిగాను. ఆమెకీ అంతేనట. ఆ రోజు కారులో తిరిగి వస్తూ మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

దీన్ని చట్టం ముట్టుకోలేదు. 1955 చట్టం హోటలు గ్లాసు దాకా వస్తుంది, మా సింకు దాకా రాదు. ఇంటి లోపలిది మాకు వదిలేశారు, మనుషులుగా మేం చేసుకుంటామని. డెబ్బై ఏళ్లు దాటింది. ఊళ్లో దెబ్బలు తిని, కేసులు పెట్టి, చంపబడి కూడా టీ కొట్లో గ్లాసుని మార్పించినది దళితులు. వంటింట్లో గ్లాసు మార్చడానికి ఎవరి రక్తమూ అక్కర్లేదు, ఒక మాట చాలు. ఆ ఒక్క మాట మా తరం అనలేదు.

నాయనమ్మ పోయింది. పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టారు. చూరు లేదు. పెద్ద పాలేరు ఎప్పుడు పోయాడో కూడా నాకు కబురు తెలియదు, నేను అడగలేదు. లెక్కలు చెప్పిన నా స్నేహితుడు ఎక్కడున్నాడో తెలుసు, ఫోన్ నంబరు ఉంది. ఆ రాతి మీద గ్లాసు గుర్తుందా అని అడిగే ధైర్యం ఇన్నేళ్లలో రాలేదు.

పెళ్లినుంచి వచ్చిన వారం, ఆ సొట్ట గ్లాసుని తీసి నేనే స్టాండు మీద పెట్టాను, పేర్లున్న గ్లాసుల పక్కన. మర్నాడు పొద్దున ఆమె గిన్నెలు సర్దుతూ దాన్ని చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకుని, తీసి మళ్లీ సింకు కింద పెట్టింది. నేను హాల్లోంచి చూస్తూనే ఉన్నాను. ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చితే సరిపోదు. ఆమెతో కూర్చుని, జరిగింది చెప్పి, క్షమించమని అడగాలి. ఆ తర్వాత ఒకే బల్ల దగ్గర టీ తాగాలి.

ఇది చదువుతున్నవాళ్లు ఒకసారి లేచి మీ వంటింట్లోకి వెళ్లండి. సింకు కింద, బాల్కనీ గట్టు మీద, కిటికీ ఊచల దగ్గర చూడండి. అక్కడ గ్లాసు ఉంటే అది ఎవరిదో మీకు తెలుసు. రేపు ఆమె వచ్చినప్పుడు మాట్లాడండి. మేమింకా మాట్లాడలేదు.